నడుము పట్టీలో మన్ను

ఢిల్లీలో డాక్టర్లు మా ఆయనకు రెండు దవడ పళ్లు పీకి పంపించారు. నొప్పి పెడుతున్నాయని కాదు. పుచ్చు మొదలైంది, పోయే చోట పళ్ల డాక్టరు ఉండడు, పద్నాలుగు నెలల్లో ఎప్పుడు నొప్పి లేచినా దిక్కుండదు కాబట్టి ముందే పీకేశారట. గుండె చూశారు, రక్తం చూశారు, కళ్లు చూశారు. నెలల తరబడి సూర్యుడు కనపడకపోతే ఈ మనిషికి పిచ్చెక్కుతుందా అని ఒకాయన రెండు గంటలు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడట. మిగిలిన పళ్ల మీది పసుపు గారలు చూసి ఇంకో ఇద్దరు డాక్టర్లను పిలిచి మరీ చూపించుకున్నారు. బోరునీళ్లు తాగే మా ఊళ్లో అందరి పళ్లూ ఇట్లాగే ఉంటాయంటే వాళ్లకు నమ్మకం కలగలేదు.

"బతికుండంగనే పండ్లు పీకినారు. ఇంగ ఏమేం పీకుతారో," అంది మా అత్త సుంకమ్మ.

"పీకనీ అత్తా. నీ కొడుక్కి తిండి తగ్గుతాది," అన్నాను నేను.

నా నోరు అంతే. ఉన్నదున్నట్టు ముఖం మీద అనేస్తానని ఊరంతా పేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది గానీ నాకు ఎక్కలేదు. మా ఆయన మాత్రం అందరితో ఒకటే చెప్పేవాడు: "మా మల్లీశ్వరి నోరు కారం, కానీ అబద్ధం చెప్పదు." ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే మరిచిపోలేక చస్తున్నాను.

మా ఆయన పేరు తిప్పేష్. రెండు వేల నాలుగులో ఆయన అనంతపురంలో ఒక సర్వే ఆఫీసులో జనరేటర్లు బాగుచేసే మెకానిక్కు. ఏడేళ్లుగా టెంపరరీ. నేను రాయదుర్గంలో మీరా హుస్సేన్ గారి జీన్సు యూనిట్‌లో కుట్టుపని చేసేదాన్ని. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు బెళుగుప్ప దారిలో ఉన్న మా ఊరికి వచ్చేదాన్ని. ఆయన ఆదివారాలు వచ్చేవాడు.

ఆ వేసవిలో ఆఫీసుకు ఒక కాగితం వచ్చింది. దక్షిణ ధ్రువం వైపు మంచు ఖండంలో మన దేశం వాళ్లు నడిపే స్టేషన్ ఒకటుంది, దానికి జనరేటరు మెకానిక్కు కావాలని. అక్కడ సైంటిస్టులు మంచును కొలుస్తారట, గాలిని కొలుస్తారట. వాళ్లు కొలవాలంటే ముందు వాళ్లు గడ్డకట్టకుండా ఉండాలి. దానికి జనరేటరు ఆగకుండా తిరుగుతూ ఉండాలి. చలికాలమంతా దాని పక్కనే పడుకోవడానికి పర్మనెంటు వాళ్లు ఒక్కరూ ముందుకు రాలేదు. పోయి వస్తే పర్మనెంటు చేస్తామని పెద్ద ఆఫీసరు మా ఆయనకు నోటితో కాదు, కాగితం మీద రాసిచ్చాడు. మిగిలిన టెంపరరీ వాళ్లందరినీ వచ్చే మార్చిలో తీసేస్తున్నారని కూడా అప్పటికే తెలుసు.

తీసేస్తే మా ఆయనకు చేతనైన పని ఇంకొకటే ఉంది. బోరు లారీ.

దాని గురించి చెప్పాలంటే మా మరిది మారెప్ప గురించి చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచి ఊరూరా తిరిగి బోర్లు వేసే లారీల మీద పనిచేసినవాళ్లే. తొంభై ఏడులో మారెప్ప ఎక్కిన లారీ బస్తరు వైపు పోయింది. అక్కడ కంప్రెసరు గాలి పైపు తెగి అతని గుండెల మీద కొట్టింది. ఊరు గాని ఊరు, అడవి. లారీ వాళ్లు అక్కడే పూడ్చిపెట్టి, తొమ్మిది రోజుల తరవాత ఒక సంచి తెచ్చి మా వాకిట్లో పెట్టారు. అందులో రెండు చొక్కాలు, ఒక దువ్వెన ఉన్నాయి.

మా అత్త ఏడవలేదు. "మన్ను చేసినారు సరే. ఎవురు వేసినారప్పా మన్ను?" అని అడిగింది. లారీ వాళ్లు ముఖాలు చూసుకున్నారు.

మా వాళ్లలో మనిషి పోతే కాల్చము, మన్ను చేస్తాం. గుంతలోకి దించాక తల్లి, తోబుట్టువులు, కట్టుకున్నది, ఒక్కొక్కరూ సొంత చేని మన్ను పిడికెడు తెచ్చి వేస్తారు. అది పడనివాడికి నెమ్మది ఉండదు, దారి తెలియక తిరుగుతూనే ఉంటాడని మా నమ్మకం. మారెప్ప తిరుగుతున్నాడని మా అత్తకు ఏ సందేహమూ లేదు. ప్రతి అమావాస్యకు గోడ మీద చెంబుతో నీళ్లు పెట్టేది. ఆ యేడే పెద్దకొడుకును చేనికి తీసుకుపోయి, వాళ్ల నాయన సమాధి మీద చేయి పెట్టించి, ఇక బోరు లారీ ఎక్కనని ఒట్టు వేయించుకుంది. ఆయన ఆ ఒట్టు మీదే ఆ టెంపరరీ పనిలో ఏడేళ్లు నెట్టుకొచ్చాడు.

కాబట్టి మా ఇంటికి సంబంధించినంతవరకు దక్షిణ ధ్రువం అంటే అంతే. అక్కడికి పోతే బోరు లారీ ఎక్కే పని ఉండదు. పోకపోతే ఎక్కాలి.

ఆయన తయారవడం చూసి ఊరు నవ్వింది. మా బోరు ఎండిపోయి మూడేళ్లయింది, ఆయిలింజను షెడ్డులో ఊరికే పడి ఉంది. మే నెల ఎండలో, కోడి కూడా నీడ వదలని వేళ, ఈ మనిషి చేతులకు రెండు జతల ఉన్ని తొడుగులు వేసుకుని ఆ ఇంజను నట్లు విప్పేవాడు, మళ్లీ బిగించేవాడు. అక్కడ ఉత్తచేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుని ఊడి వస్తుందట. తొడుగుల మీదనే సన్న మరలు కూడా తిప్పడం రావాలట. చెమట మోచేతుల నుంచి కారేది. తరవాత రాయదుర్గంలో ఐసు ఫ్యాక్టరీ వాణ్ని బతిమాలుకుని, ఐసు దిమ్మెల గదిలో స్పానరు పట్టుకుని కూర్చునేవాడు. గంట తరవాత బయటికి వస్తే పెదాలు నల్లగా ఉండేవి.

ఒకరోజు పక్కింటి శివప్ప షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా తిప్పేషూ, ఆడ చెనిక్కాయ పండుతాదా?"

"ఆడ వానే పడదంట శివప్పన్నా. మన కంటే కరువంట."

"ఓరి నీ! కరువులో నుంచి కరువులోకే పోతాండావా! అంత దూరం ఏంటికి, ఈడనే ఉండొచ్చు గదా!"

మా ఆయన కూడా నవ్వాడు. ఆ నెలల్లో ఆయన చాలా నవ్వాడు. పెళ్లయిన పదేళ్లలో ఆ మనిషి అంత తేలిగ్గా ఉండడం నేను చూడలేదు.

హిమాలయాల్లో ఔలీ అనే చోట మంచులో నడవడం, తాడు కట్టుకుని పగుళ్లు దాటడం నేర్పించారు. సెప్టెంబరు ఆఖర్లో ముక్కు మీద చర్మం ఊడి, రెండు చేతులా కాగితాలతో ఇంటికి వచ్చాడు. పది రోజుల్లో గోవా చేరాలి. అక్కడ సామాను సర్దుకుని, వాళ్లిచ్చే బట్టలు తీసుకుని, విమానంలో ఆఫ్రికా ఖండం చివరికి, అక్కడి నుంచి ఇంకో విమానంలో మంచు మీదికి.

కాగితాలు ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు. నేను సంతకం పెట్టాల్సిన చోటు ఒకటి ఉంది. చదవకుండా పెట్టనన్నాను. ఆయన వాకిట్లో కూర్చుని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. ఆఖరి పేజీ దగ్గర ఆగాడు. నేను వదల్లేదు.

"చలికాలంలో మనిషి పోతే విమానం రాదు. ఎండాకాలం దాకా ఆడనే పెట్టింటారు. దానికి ఒప్పుకుంటున్నామని నువ్వు సంతకం పెట్టల్ల," అన్నాడు.

మా అత్త గోడకానుకుని వింటూ ఉంది. "యాడ పెడతారు?"

"మంచులోనే అమ్మా."

"మన్ను చేయరా?"

"ఆడ మన్ను లేదమ్మా. మంచు, రాయి. అంతే."

నేను సంతకం పెట్టాను. రాత్రి అత్తకు అన్నం పెడితే, "నాకొద్దు మే," అంది. మర్నాడు పొద్దున కొడుకును పిలిచి తన మాట చెప్పింది. "మీ నాయన పక్కన మన్ను పిడికెడు తీస్కపో నాయనా. నీ దగ్గర పెట్టుకో. ఏమన్నా అయితే ఆడ ఉండేవాళ్లు ఎవురో ఒకరు వేస్తారు. నేనేసినట్లే అనుకుంటా."

"కుదరదమ్మా. ఆడికి మన్ను పోకూడదు, గింజ పోకూడదు. చెప్పుల కిందుండే మట్టి కూడా బ్రష్షు పెట్టి తీపిస్తారు. మన మన్నులో పురుగో, విత్తనమో పోతే ఆ నేల చెడిపోతాదంట."

"మన మన్నుకు చెడిపోయే నేలంట్రా అది? దీంట్లో ఏమన్నా ఉంటే ఈడనే మొలవదా? మూడేండ్ల నుంచి ఒగ గడ్డిపోస లేదే!"

"రూలమ్మా. నేను లేదని సంతకం పెట్టల్ల."

"నాకొగ కొడుకు మన్ను లేకనే పోయినాడు," అని ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడు రోజులు ఏమీ తినలేదు. నీళ్లు మాత్రం తాగేది. అరవై దాటిన మనిషి, మూడో రోజుకు లేచి కూర్చోవడానికే చేతకాలేదు. మా ఆయన మంచం పట్టె దగ్గర కూర్చుని బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి "అట్లయితే నేను పోనే పోను, నువ్వు తిను," అన్నాడు. దానికీ ఆమె తిరగలేదు. వాళ్లిద్దరి మొండితనం మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆయన పోకపోతే మార్చి తరవాత బోరు లారీ. పోతే ఈమె ప్రాణం నిలిచేటట్టు లేదు.

నాకు ఒళ్లు మండింది. నాలుగో రోజు పొద్దున సంచి తీసుకుని చేనికి పోయాను. మామ సమాధి పక్కన పార పెట్టి తవ్వి పిడికెడు మన్ను తీసుకున్నాను. గడ్డలు చేత్తో నలిపాను. జల్లెడ పట్టాలని తోచలేదు. అది మూడేళ్ల కిందట మా అత్త ఆఖరుసారి కొర్ర చల్లిన చోటు.

ఆయన కోసం అప్పటికే రెండు జీన్సు ప్యాంట్లు కుడుతున్నాను, లోపల మెత్తటి ఉన్నిగుడ్డ వేసి. యూనిట్‌లో మధ్యాహ్నం బువ్వ వేళ అందరూ లేచిపోయాక, మన్నును పలచటి గుడ్డలో సన్నటి పొడుగు గొట్టంలా కుట్టి, ఒక ప్యాంటు నడుము పట్టీలో చుట్టూ పరిచి, మీద ఉన్నిగుడ్డ వేసి, రెండు వరసల కుట్టు వేశాను. నా కుట్టు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, మీరా హుస్సేన్ మాస్టరుకే అది తెలియలేదు. చేతిలోకి తీసుకుని చూసి, "నడుము బాగా లావుగా పెట్టినావే," అన్నాడు. "చలికి, అన్నా," అన్నాను. అది మొదటి అబద్ధం.

ఇంటికి తెచ్చి మా అత్త చేతిని ఆ పట్టీ మీద పెట్టి చూపించాను. ఆమె వేళ్లతో చుట్టూ తడుముకుంది. "వానికి చెప్పొద్దు మే," అంది. ఆ సాయంత్రం గంజి తాగింది. మా ఆయన తల్లి మనసు మారిందనుకుని పొంగిపోయాడు. ప్యాంటు తొడుక్కుని చూసి, "మందంగా ఉండాదే?" అన్నాడు. "ఆడ నడుముకు గాలి కొడితే తెలుస్తాది లే," అన్నాను. అక్కడికి చేరాక ఫోనులో చెబుదామనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను, నిజంగా.

ఆయన గుంతకల్లులో గోవా రైలు ఎక్కాడు. వారానికోసారి యూనిట్ ఫోనుకు చేసేవాడు. గోవాలో ఆగని వాన అట. "ఈ వాన మన చేనిమీద ఒగ పూట కురిసింటే చాలు," అన్నాడు. బట్టలు ఉతుక్కుంటే నాలుగు రోజులైనా ఆరడం లేదు, పచ్చివే సంచిలో పెట్టుకోవాల్సి వస్తోందన్నాడు. నేను ఆ మాట విన్నాను, ఈగను తోలినట్టు అవతలికి తోలేశాను. విమానానికి ఇంకా నాలుగు రోజులు ఉందన్నాడు.

రెండు రోజులకు, పొద్దున పదకొండు గంటలకు, మీరా హుస్సేన్ మాస్టరు నా మిషను దగ్గరికి వచ్చాడు. "నీకే ఫోనమ్మా. గోవా నుంచంట. నీ మొగుడు కాదు."

ఫోనులో ఎవరో తెలుగాయన. హైదరాబాదు వైపు మనిషిలా ఉన్నాడు. "అమ్మా, తిప్పేష్ గారి భార్యేనా మీరు? ఆయన సామానులో ఒక ప్యాంటు నడుము పట్టీలో మట్టి దొరికింది. మట్టి తీసుకుపోవడం నేరం. లేదని ఆయన సంతకం చేసి ఉన్నారు. మేం రిపోర్టు రాయాలి. ఆ మట్టి మీరు కుట్టి పెట్టారా?"

మా ఊరి సంగతి ఇక్కడ చెప్పాలి. కరెంటు ఆఫీసు జీపు వచ్చి తీగకు కొక్కెం ఎవరు తగిలించారని అడుగుతుంది. మాకు తెల్దు సార్. పంట నష్టం రాసుకునేవాడు వచ్చి బోరులో నీళ్లున్నాయా అంటాడు. లేవు సార్. అడవి ఆఫీసు వాళ్లు వచ్చి ఈ కట్టెలు ఎవరివంటారు. మావి కాదు సార్. ఉన్నా లేదు, చేసినా చేయలేదు. ఆఫీసు అన్నది నోరు తెరిచి ఒక మాట అడిగిందంటే అవుననడం మాకు ఎప్పుడూ మంచి చేయలేదు. మా పిల్లలకు అఆలు రాకముందే ఈ మాట వస్తుంది. ఊళ్లో ఎవరినైనా ముఖం మీద కడిగేసే నేను కూడా జీపును చూస్తే అదే పాట పాడతాను. దాన్ని అబద్ధమని మేమెవరమూ అనుకోము.

నేరం అన్నాడు. రిపోర్టు అన్నాడు. నా గొంతు దానంతటదే పలికింది. "మాకు తెల్దు సార్. మేమేం పెట్టలేదు."

"బాగా ఆలోచించుకుని చెప్పండమ్మా. మీరు గానీ, ఇంట్లో ఇంకెవరు గానీ పెట్టలేదా?"

"లేదు సార్. మా ఇంట్లో అట్లాంటివి ఎవురూ చేయరు."

"సరే," అని పెట్టేశాడు. ఆ 'సరే'లో ఏదో విరిగినట్టు అనిపించింది. నేను పోయి మిషను మీద కూర్చున్నాను. ఒక కాలు కుట్టాను, రెండో కాలు కుట్టాను. గండం తప్పించుకున్నాననే అనుకున్నాను. మూడో ప్యాంటు నడుము పట్టీ మిషను కింద పెట్టగానే నా చేతులు ఆగిపోయాయి. నేను పెట్టలేదు. అత్త పెట్టలేదు. అయితే ఆ మన్ను ఎవరు పెట్టినట్టు?

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు అంతా చెప్పాను, వెక్కుతూ, తలా తోకా లేకుండా. యూనిట్ ఫోనులో బయటి ఊళ్లకు కలవదు. ఇద్దరం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాం. మా ఆయన రాసిచ్చిన నంబరుకు గంటసేపు చేశాం. ఎప్పుడూ ఎంగేజే. చివరికి ఎత్తినవాడు హిందీవాడు. మాస్టరు ఫోను తీసుకుని తన భాషలో మాట్లాడాడు. చేతులు ఊపాడు, ఖుదా మీద ఒట్టు పెట్టాడు. కాసేపటికి ఆయన గొంతు తగ్గిపోయింది. ఫోను పెట్టేసి నా ముఖం చూడకుండా చెప్పాడు.

"రిపోర్టు పోయిందంటమ్మా. నీ మొగుని బదులు వేరేవాని పేరు రాసినారంట. ముందు లేదని, గంటకు అవునంటే, మొగుడే ఫోన్ చేసి చెప్పించింటాడు అంటాండారు." బూతువాడికి డబ్బులిచ్చి, "తప్పు వాళ్లది కూడా కాదు," అన్నాడు. అది నిజమే. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

ఆ ఫోను వచ్చిన రెండో రోజుకు మా ఆయన బస్సు దిగాడు. అదే రోజు ఆ విమానం పోయింది. భుజానికి సంచి, ముఖంలో ఏమీ లేదు. మా అత్త మాత్రం ఎదురు పోయి కొడుకు ముఖం రెండు చేతులా తడిమి, "మంచిదే అయింది నాయనా, మంచిదే అయింది," అంటూ ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

ఆయన స్నానం చేసి, బువ్వ తిని, వాకిట్లో కూర్చున్నాక నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. తిడతాడని, కొడతాడని సిద్ధపడే పోయాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆఖరి తనిఖీలో ఒక్కొక్కరి సంచీ బల్ల మీద గుమ్మరించి చూశారట. ఆయన ప్యాంటు ఎత్తగానే నడుము పట్టీ కుట్ల సందుల్లో నుంచి తెల్లటి మొలకలు వచ్చి ఉన్నాయి. వేలెడు పొడుగున మూడో నాలుగో. చీకట్లో మొలిచాయి కాబట్టి పచ్చగా లేవు, తెల్లగా ఉన్నాయి. చూడగానే కొర్ర అని ఆయనకు తెలిసిపోయింది. బ్లేడుతో పట్టీ కోశారు. ఎర్రమన్ను బల్ల మీద పడింది.

"మూడేండ్లు మన చేన్లో మొలవంది ఆడ మొలిచింది," అన్నాడు. "కుట్టు చూస్తానే నీదని తెలిసింది మల్లీ. అంత సన్నంగా ఇంకెవురూ వేయరు. పెద్ద సారు మంచోడే. తెలియక జరిగింటే ప్యాంటు ఈడ వదిలి పోవచ్చు, తెలిసి పెట్టుకుని సంతకం పెట్టింటే మాత్రం కుదరదు అన్నాడు. నాకు తెల్దు సార్, నా పెండ్లామును అడగండి అన్నా. ఆమె నీకోసం అబద్ధం చెప్పదా అన్నాడు. నోరు కారం గానీ అబద్ధం చెప్పదు సార్, ఆమె ఏం చెప్తే అదే రాసుకోండి అన్నా."



"ఏంటికి లేదన్నావు?" అని అడిగాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

ఇంత నోరుండి, జీపుకు చెప్పినట్టు చెప్పానని ఎట్లా అనను? ఆయన లేచి షెడ్డు వైపు పోయాడు. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు. మా మల్లీశ్వరి అబద్ధం చెప్పదు అనే మాట కూడా ఆయన నోట మళ్లీ రాలేదు.

మార్చిలో టెంపరరీ వాళ్లను తీసేశారు. ఆయన ఏప్రిల్ అంతా పని కోసం తిరిగాడు. కళ్యాణదుర్గం, అనంతపురం, అవతల బళ్లారి దాకా పోయి వచ్చాడు. మెకానిక్కులు ఎక్కువైపోయారు, బండ్లు లేవు. ఉన్న పని ఒకటే. మే నెలలో బోరు లారీ ఏజెంటు మా వాకిట్లోకి వచ్చాడు. లారీ ఒరిస్సా పోతోంది, ఆరు నెలలు. సిగరెట్టు పెట్టె చించి దాని వెనక 'మెకానిక్కు ఒకడు' అని రాసుకున్నాడు. పేరు కూడా అడగలేదు. పళ్లు చూడలేదు, గుండె చూడలేదు. పోతే ఎవరికి చెప్పాలని అడగలేదు. నా సంతకం ఎవరికీ అక్కర్లేదు.

మా అత్త మంచం మీద కూర్చుని అంతా వింది. ఒట్టు గురించి ఒక్క మాట అనలేదు. కొడుకు ముఖం చూడలేక చేతుల్లోకి చూసుకుంటూ, "నా నోట్లోనే మన్ను పడుండాల్సింది," అంది.

మర్నాడు లారీ. సాయంత్రం ఆయన పెట్టె అడుగు నుంచి ఆ ప్యాంటు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. నడుము పట్టీ గోవాలో బ్లేడుతో కోసింది కోసినట్టే ఉంది. చుట్టూ ఎర్రటి మరక.

"కుట్టు మల్లీ," అన్నాడు.

"మందంగా ఉండే గుడ్డ తెస్తా, చిరుగు కనపడకుండా..."

"చిరుగు కాదు. మన్ను పెట్టి కుట్టు."

నేను చేనికి పోయాను. మామ పక్కన పిడికెడు మన్ను తీసుకున్నాను. ఇంటికొచ్చి పిండి జల్లెడ తీసి వాకిట్లో కూర్చుని ఒకసారి జల్లించాను. రెండోసారి జల్లించాను. మూడోసారి పడుతుంటే మన్ను పక్కకు చిందుతోంది. ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు.

"ఏంటికి మే అన్ని సార్లు?"

"గింజలుంటాయి. మల్లా మొలుస్తాయి," అన్నాను.

ఆయన వచ్చి నా చేతిలో నుంచి జల్లెడ తీసి పక్కన పెట్టాడు. "ఉండనీలే. ఈసారి ఎవురూ చూడరు," అన్నాడు.

నేను సూదిలో దారం ఎక్కించాను.